నవ్వు కోసం ఆగే మనిషి

క్లైవ్ పెటిగ్రూ ఏ మాటన్నా చివర కాస్త ఆగుతాడు. ముప్పై ఏళ్లుగా లండన్ టీవీ కామెడీ సీరియళ్లలో పోలీసుగానో, పాదిరిగానో, సూపు ఒలకబోసే వెయిటరుగానో రెండు నిమిషాలు కనబడి పోయే నటుడు. స్టూడియోలో కూర్చున్న జనం నవ్వి ఊరుకునేదాకా తర్వాతి మాట ఎత్తకూడదన్నది అక్కడి పద్ధతి. ఆ అలవాటును బజారుకీ మోసుకొచ్చాడు. పాలు అడిగి ఆగుతాడు, బస్సు టిక్కెట్టు అడిగి ఆగుతాడు, ఒక కనుబొమ్మ పైకెత్తి, గడ్డం ముందుకు చాచి. ఎవరూ నవ్వకపోతే, పాపం వీళ్లకు హాస్యం తెలియదని జాలిపడతాడు.

ఆ సీరియళ్ల హీరో లెన్ హాబ్‌డే పోయినప్పుడు చర్చిలో నాలుగు మాటలు చెప్పమన్నారు. శవపేటిక పక్కన నిలబడి తన పాత వెయిటరు డైలాగే ఎత్తుకున్నాడు.

"సూపు వేడిగానే ఉందండీ, మీరే ఆలస్యంగా పుట్టారు."

ఆగాడు. ఎవరూ నవ్వలేదు. వినబడలేదేమోనని గొంతు పెంచి మళ్లీ అన్నాడు.

ముందు వరుసలోంచి లెన్ భార్య మ్యూరియల్ నింపాదిగా అంది: "ఇంక కూర్చో క్లైవ్. జనం నవ్వింది నీ మాటకి కాదయ్యా, అది విని మా ఆయన పెట్టే మొహానికి. ఆ మొహం ఇప్పుడు పెట్టెలో ఉంది."

చర్చిలో జనమంతా గొల్లున నవ్వారు. క్లైవ్ కనుబొమ్మ ఎత్తి, గడ్డం చాచి, ఆ నవ్వు పూర్తిగా అణిగేదాకా ఆగి, తృప్తిగా వచ్చి కూర్చున్నాడు.