నాలుగు చేతుల మిషనూ, మా చిన్నమ్మా

రాష్ట్రం వచ్చిన సంబురం గోదావరిఖనిలో ఇంకా సద్దుమణగలేదు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మా చిన్నమ్మ తన ఇంట్లో కన్నుమూసింది. వీధి చివర మోగుతున్న డప్పుల్ని, విషయం తెలిసినవాళ్లే వెళ్లి ఆపించారు.

ఆమె బొగ్గుగని కార్మికుల దవాఖానలో ఆపరేషన్ థియేటర్ నర్సు. ఉద్యోగమంతా అక్కడే గడిచింది. గనిలో కప్పు కూలి కాలు నలిగినవాణ్ణి తెస్తే, మత్తు ఎక్కేదాకా తన మూతిగుడ్డ కిందికి లాగి అతని తలవైపు నిలబడేదట. డాక్టర్లు కసిరేవారు. "కండ్లు మూసుకునేదాంక మనిషి ముఖం కనవడాలె సార్. గప్పుడు కట్టుకుంట," అనేది. ఇంట్లో కూడా చేతులు మోచేతుల దాకా రుద్ది, వేళ్లు పైకి పెట్టి నీళ్లు కారనిచ్చేది. మేం నవ్వితే, "అలవాటైంది, ఏం జెయ్యాలె," అని తనూ నవ్వేది.

రిటైరైన ఏడాదే గర్భసంచిలో క్యాన్సర్ బయటపడింది. రక్తం పోతున్నా చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. చిన్నాయన అంతకుముందే పోయారు, పిల్లలు లేరు. నా రెండు కాన్పులప్పుడూ తలదగ్గర నిలబడింది ఆమే. హైదరాబాద్‌కు నేనే తోడు వెళ్లాను. అక్కడి కుర్ర సర్జన్ రోబోతో ఆపరేషన్ చేస్తానన్నాడు.

"అంటే, అదే కోస్తదా సార్?" అని అడిగింది చిన్నమ్మ.

"లేదమ్మా, చేసేది నేనే. దాని చేతులు నేను కదిపినట్టే కదులుతాయి. పెద్ద కోత ఉండదు, రక్తం తక్కువ పోతుంది."

"మరి మీరేడ ఉంటరు?"

"అదే గదిలో, ఓ పక్కన కూర్చుని తెరలో చూస్తుంటాను."

చిన్నమ్మ నావైపు తిరిగి, "మా దవాఖానల ఇసొంటిది ఉంటే ఎంతమందికి బారెడు కోతలు తప్పుతుండె," అంది. గది దాటబోతూ ఆగింది. "మత్తెక్కేదాంక జర నా దిక్కు రాండ్రి సార్," అని అడిగింది. ఆయన వస్తానన్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. మరునాడే లేచి నడిచింది. ఆయన వచ్చాడా అని అడిగాను.

"ఏడ బిడ్డా! పిలగాడు అప్పటికే మిషన్ల తలవెట్టి సూస్తుండు. దాని నాలుగు చేతులకూ ప్లాస్టిక్ తొడుగులున్నయి. గవాటినే సూసుకుంట పండుకున్న."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "భయమైంది," అంది. ఆమె నోట ఆ మాట నేను ఎన్నడూ వినలేదు.

కడుపు మీది చిన్న మచ్చలు పాత స్నేహితురాళ్లకు చూపించి వాళ్లను ఆశ్చర్యపరిచేది. ఆ మురిపెం ఎంతోకాలం నిలవలేదు. జబ్బు ఊపిరితిత్తుల్లో తేలింది. ఇక కోసేదేమీ లేదన్నారు. నేను ఆ మిషన్‌ను తిట్టిపోశాను. చిన్నమ్మ ఒప్పుకోలేదు.

"దాని తప్పేం లేదు. అది మంచిగనే చేసింది. నేనే జల్ది పోకపోతి. ఊరందరికీ చెప్పినదాన్ని, నాకు నేను చెప్పుకోలే."

ఆ సాయంత్రం చిన్నమ్మ దహనం ముగించి గోదావరి ఒడ్డు నుంచి తిరిగొచ్చేసరికి తొలకరి పడుతోంది. ఆ పొద్దున ఆమె కింది నుంచి తీసి, నేను ఉతికి ఆరేసిన తెల్ల దుప్పటి పెరట్లో దండెం మీదే ఉండిపోయింది. ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని మీదుగా వచ్చిన వాన దానిపై నల్లటి చారలు గీస్తోంది. ఎవరమూ వెళ్లి తీయలేదు.