ఒర్తాన్స్ దుప్పటి రంగు

ఒర్తాన్స్ ఉతికిన దుప్పటికి వంకపెట్టే మొనగాడు సేన్ నది ఒడ్డున ఇంకా పుట్టలేదు. ఈ మాట ఊరు అన్నది కాదు, ఒర్తాన్సే అన్నది. ఊరు కాదనలేదు. కాదంటే బట్టలెవరు ఉతుకుతారు?

అలాంటి మనిషి పరువు తియ్యడానికే అన్నట్టు పారిస్ నుంచి ఫెర్నాన్ అనే కుర్ర చిత్రకారుడు దిగాడు. ఆవిడ ఇంటి తోటలోనే బొమ్మ మొదలుపెట్టాడు. ఆపిల్ చెట్టు కింద ఆవిడ భర్త సెలెస్తిన్ బఠానీలు వలుస్తుంటాడు, పక్కన ఆవిడ, వెనక తాడుమీద దుప్పట్లు. పొద్దున్నే ఎండ ఆకుల్లోంచి దిగే కాసేపే పని. మబ్బు పట్టిందంటే కుర్రాడు ఆకాశాన్ని తిడుతూ కూర్చుంటాడు, సెలెస్తిన్ ఏమో తను వలిచిన బఠానీలన్నీ బొక్కేస్తాడు.

ఒకరోజు పక్కింటి క్లెమాంస్ గోడమీంచి బొమ్మను తొంగిచూసింది.

"ఏం వదినా, నీలిమందు డబ్బా మొత్తం బోర్లించావా? దుప్పటి వంకాయ రంగులో ఉందే!"

ఒర్తాన్స్ పరుగున వచ్చి చూసింది. నిజమే! దుప్పటి నిండా నీలం, మడతల్లో ఊదా. ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏం బాబూ, ఈ బొమ్మ పారిస్‌లో పెడతావటగా? ఇది చూశాక నా చేతికి బట్ట ఎవరిస్తారయ్యా?"

"నీడలో తెలుపు అలాగే ఉంటుందమ్మా."

"నీడ నీది, దుప్పటి నాది. తెల్లగా వెయ్యి. లేదంటే రేపట్నుంచి నీ చొక్కాలు నువ్వే ఉతుక్కో."

చొక్కాల మాట వచ్చేసరికి చిత్రకళ తలవంచింది. కుర్రాడు నీలమంతా గీకేసి తెల్లరంగు నింపాడు.

దుప్పటి మల్లెపువ్వులా ఉంది. కానీ దాని ముందు కూర్చున్న సెలెస్తిన్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇదేంటయ్యా, నన్ను శవపేటికలోంచి లేపి కూర్చోబెట్టావా?" అని సెలెస్తిన్ పడీపడీ నవ్వాడు.

"మీ మొహం నేను ముట్టుకోనేలేదండీ. వెనక నీలం పోయేసరికి మీ చెంపల ఎరుపు చచ్చిపోయింది," అన్నాడు ఫెర్నాన్.

ఒర్తాన్స్‌కు నవ్వు రాలేదు. మొన్న చలికాలంలో సెలెస్తిన్ ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడ్డప్పుడు, తను తెల్లగా ఉతికిన దిండుమీద ఆయన మొహం అచ్చం ఇలాగే ఉంది.

"నీలం వెయ్యి," అంది.

"ఏమే, మరి ఆ క్లెమాంస్ ఊరంతా టముకు వేస్తుందేమో?" అన్నాడు సెలెస్తిన్ ఆటపట్టిస్తూ.

"వేసుకోనీ! నువ్వు నోరు మూసుకుని బఠానీలు వలువు." కళ్లు తుడుచుకుని ఆవిడ కుర్రాడి వైపు తిరిగింది. "ఏం చూస్తావు బాబూ? నీ దగ్గరున్న నీలమంతా వెయ్యి."