అడ్డుతెర వెనుక గిటారు

తొంభైల చివర్లో మదనపల్లెలో మాకొక పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా ఉండేది. అందులో నేను గిటారు. ఆ రోజుల్లోనే మా జట్టు మిత్రుడొకడు కొత్త కీబోర్డు కొన్నాడు. ఒక మీట నొక్కితే వీణ, ఇంకో మీట నొక్కితే సన్నాయి, మరో మీట నొక్కితే సాక్షాత్తూ నేను. గిటారు కూడా అందులోనే పలుకుతుంటే వ్యాన్‌లో ఇంకో మనిషి ఎందుకని మా ఆర్కెస్ట్రా పెద్దాయన ఆలోచనలో పడ్డాడు. నోరు తెరిచి అనలేదు గానీ, వ్యాన్ ఎక్కేటప్పుడల్లా నా సీటులో స్పీకర్ డబ్బా పడుతుందా అన్నట్టు చూసేవాడు.

నన్ను తొక్కేస్తున్నారనిపించినప్పుడు నేను తొక్కగలిగింది ఒక్కటే, నా ఓవర్‌డ్రైవ్ పెడల్. కాలి దగ్గర పెట్టుకునే చిన్న ఇనుప పెట్టె అది. తొక్కితే గిటారు గొంతు కాస్త బొంగురుపోయి చిక్కబడుతుంది. దాని లోపలి చిప్పు, రెండు కెపాసిటర్లు మారిస్తే ఆ సౌండే వేరని కుప్పంలో ఒక రేడియో మెకానిక్ చెప్పాడు. రైలెక్కి బెంగళూరు పోయి సామాన్లు తెచ్చి మరీ మార్చాడు. చిప్పు మారితే చేతికి చిప్ప రాదని నా ఆశ.

మార్చిన రోజు నుంచి నా చెవులకు పండగే. కీబోర్డు మిత్రుడికి మాత్రం ఏ తేడా వినపడలేదు.

"మారింది పెట్టె కాదప్పా, నీ సెవులు" అన్నాడు.

పుంగనూరు పెళ్లిలో పెద్దాయన ఎదుటే తేల్చుకుందామన్నాను. తేడా తెలిస్తే నా సీటు నాది. తెలియకపోతే డబ్బాది.

పోల్చి చూడటానికి మార్చని పెడల్ ఒకటి కావాలి కదా. నాతోపాటు అలాంటిదే కొని, తర్వాత గిటారు మానేసి టమోటా మండీలో కూర్చున్న స్నేహితుడొకడు దాన్ని చీటీలు ఎగిరిపోకుండా బరువుగా వాడుతున్నాడు. అడిగి తెచ్చి, పైపైన తుడిచాను. రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి.

పుంగనూరులో ముహూర్తం పొద్దున్నే అయిపోయింది. భోజనాలయ్యాక మండపంలో సగం మంది కునుకు తీస్తుంటే మేం పరీక్షకు దిగాం. చూడకుండా వినాలి కాబట్టి మధ్యన ఏదైనా అడ్డం కావాలన్నాం. పెళ్లికూతురి అవ్వ, పొద్దున వధూవరుల మధ్య పట్టిన అడ్డుతెరనే మడత విప్పి ఇచ్చింది. మేనమామలిద్దరు అలవాటైన చేతులతో దాన్ని పట్టుకుని నిలబడ్డారు. అవతల పెద్దాయన, అవ్వ, చేతులు కడుక్కుని వచ్చిన వంటవాళ్లు. ఇవతల పెళ్లికొడుకు కన్నా ఎక్కువ చెమట పట్టిన నేను. నా వెనక కీబోర్డు మిత్రుడు వైర్లు మార్చాలి. ఏ పెట్టె పలుకుతోందో నాక్కూడా తెలియకూడదన్నాడు, తెలిస్తే మార్చిన పెట్టెకు ప్రేమగా వాయిస్తానని అతని అనుమానం. వాయిస్తాను మరి.

ఒకే పాట ముక్క రెండుసార్లు వాయించాను. అందరూ రెండోదే బాగుందన్నారు. అదే మార్చిన పెట్టె అని మిత్రుడే ఒప్పుకున్నాడు. నేను లేచి నిలబడబోయాను.

"కూసో అప్పా. అది బాగుండేది కాదు, గట్టిగుండాది" అని మిత్రుడు మార్చిన పెట్టె వాల్యూమ్ తగ్గించి రెండింటి సౌండూ సమం చేశాడు.

మళ్లీ వాయిస్తే ఈసారి వంటవాళ్లలో ఒకరు మొదటిదన్నారు, ఒకరు రెండోదన్నారు. పెద్దాయన రెండూ ఒకటే అన్నాడు. అవ్వ నిద్రపోయిందేమో అనుకున్నాం. నేను చెప్పిందీ తప్పే. నా పెట్టెను నేనే గుర్తుపట్టలేదు. వ్యాన్‌లో నా సీటు మీద స్పీకర్ డబ్బా కాళ్లు చాపుకుని కూర్చున్నట్టు కనిపించింది.

పెద్దాయన ఇంకొక్కసారి వాయించమన్నాడు. మిత్రుడు నన్ను ఊరికే ఉండమని సైగ చేసి, అదే ముక్కను తన కీబోర్డులో గిటారు మీట నొక్కి వాయించాడు. ఒక్క తప్పు లేదు. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నాను, అచ్చం నాలాగే ఉందనిపించింది.  తెర అవతల నుంచి అవ్వ గొంతు వినిపించింది.

"ముందర వాయిస్తా ఉండిన ఆయప్ప యాడికి పోయినాడు?"

వంటవాళ్లు కూడా అవునవును, ఇది వేరే ఎవరో అన్నారు. పెద్దాయన లేచి వచ్చి తెర అంచు ఎత్తి చూశాడు. ఒళ్లో ఊరికే ఉన్న నా చేతుల్ని చూశాడు, తర్వాత కీబోర్డును చూశాడు.

అందరికన్నా ముందు నవ్వింది మిత్రుడే. "నీ మీట యాలనో సరిగా పలకలేదప్పా" అన్నాడు.

పెద్దాయన నవ్వలేదు. "కుప్పం ప్రోగ్రాముకు గిటారు తెచ్చుకో. ఆ పెట్టెల్లో ఏదో ఒకటి తెచ్చుకుంటే సాలు" అన్నాడు.

అలాగే, చేతికందినది సంచిలో వేసుకుని కుప్పం వెళ్లాను. మెకానిక్ ముందు వరుసలో కూర్చుని కళ్లు మూసుకుని విన్నాడు. అయిపోగానే స్టేజీ ఎక్కి నా భుజం తట్టాడు.

"సూసినావా, ఎంత తేడా వచ్చిందో."

శానా తేడా అన్నాను. వైరు పీకుతూ పెట్టెను తిరగేస్తే అడుగున ఎండిన టమోటా గింజ ఒకటి అంటుకుని ఉంది.