మగ్గం చప్పుడు

సిరిసిల్ల కాలేజీలో ఫిజిక్స్ చెప్పే పర్శరాములు ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా పాత కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. సూర్యుడి మీద మండే వాయువు అయస్కాంత బలానికి ఎట్లా సుడులు తిరుగుతుందో అంకెలతో లెక్కకట్టి చూడడం ఆయన పిచ్చి. పక్కగదిలో భార్య అనసూర్య పవర్‌లూమ్ వేయగానే కరెంటు తగ్గి, కంప్యూటర్ ఆరిపోయి, లెక్క మళ్లీ మొదటికొచ్చేది.

“జర ఆపరాదే!” అని ఆయన అరిచేవాడు.

“నీ సూర్యుడు ఏడికి పోడు. సేటు పొద్దుగాల్నే బట్ట అడుగుతడు” అనేది ఆమె, మగ్గం ఆపకుండానే.

ఆమె జ్వరంతో చనిపోయిన నెలకు లెక్క మొట్టమొదటిసారి చివరిదాకా నడిచింది. తెర నిండా సుడులు విచ్చుకున్నాయి. కాసేపు వాటినే చూశాడు. తర్వాత లేచి వెళ్లి, ఆమె సగంలో వదిలిన మగ్గం స్విచ్ వేశాడు. కంప్యూటర్ ఆరిపోయింది. ఆ చప్పుడు చాటున పర్శరాములు గొంతెత్తి ఏడ్చాడు.