మామ పేరు తిప్పిన కమాండు

ఒకే ఒక్క కమాండుతో మామ వరినీ, తన పెళ్లినీ కలిపి ఎండగొట్టిన ఘనుణ్ణి చూడాలని ఉందా? నేనేనండీ. మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రెండు వేల నాలుగో, అయిదో. మహారాష్ట్రలోని మా సిరోంచలో, ఓ సర్కారు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే టెంపరరీ కొలువు నాది. అందులో మౌస్‌కు లొంగని ఎడిటర్ ప్రోగ్రాం ఒకటి ఉండేది. ఏం చేయాలన్నా కమాండు కొట్టాల్సిందే. మొదటి వారం అందులోంచి బయటపడటం తెలియక కంప్యూటరునే ఆపేసేవాణ్ణి. రెండో నెలకు నాలుగు కమాండులు వచ్చాయి. ఇక నా అంతటివాడు గడ్చిరోలి జిల్లాలోనే లేడనుకున్నాను.

అప్పుడే పొలం మోటార్లకు కరెంటు అడిగిన రైతుల జాబితా వచ్చింది. మనవాళ్లు అలవాటుగా ఇంటిపేరు ముందు రాశారు. పొలం ఎవరిదో చెప్పే సాత్‌బారా కాగితంలో మాత్రం మరాఠీ పద్ధతిలో అది చివర ఉంటుంది. రెండూ కలవకపోతే అర్జీ వాపస్. అన్ని పేర్లూ తిప్పమన్నాడు సాహేబు.

మొదట మా మేనమామ పేరు తిప్పాను, చేత్తో, ఎంతో ప్రేమగా. కూతురు సరితను నాకిస్తానన్నాడు మరి. ఆకుల రాజన్న కాస్తా రాజన్న ఆకుల అయ్యాడు. మిగతా మూడు వందల పేర్లు చేత్తో తిప్పడం నా హోదాకు తక్కువనిపించింది. ప్రతి వరుసలో ముందు మాటను వెనక్కీ, వెనక మాటను ముందుకీ మార్చే కమాండు ఒకటి అల్లాను.

పక్క కుర్చీలో ముసలి టైపిస్టు లింగయ్య కాక ఉండబట్టలేకపోయాడు.

"నకలు తీసి పెట్టుకున్నవా బిడ్డా?"

"నకలు భయపడేటోళ్లకు కాకా. గిది ఒక్క దెబ్బకు అన్ని పేర్లు మారుస్తది."

"అయితే పంపే ముందుగాల జర సదువు."

"మూడొందలు ఎవడు సదువుతడే?"

పిచ్చోడి చేతిలో రాయంటారు. ఆ రోజు పిచ్చోడి చేతిలో కీబోర్డు ఉంది. నొక్కాను, సేవ్ చేశాను, జాబితా గడ్చిరోలికి పోయింది.

జాబితాలో అందరికీ కరెంటొచ్చింది, ఒక్క మామకు తప్ప. నేను చేత్తో తిప్పిన పేరును నా కమాండు మళ్లీ తిప్పేసింది. మామ అర్జీ వాపస్ వచ్చింది. మళ్లీ జాబితా ఏడాది తర్వాతే. పొట్టకొచ్చిన వరి నీళ్లు లేక ఎండిపోయింది.

మామ ఆఫీసుకే వచ్చాడు. "ఏందిరా, నా పేరు నువ్వే రాస్తివి గద?"

"అందరికంటె ముందుగాల నీదే రాసిన మామా."

"రాసినంక మళ్ల సూసినవా?"

"సూడలే."

అరిస్తే బాగుండేది. అరవలేదు. "నా పేరొక్కటి సక్కగ సూసుకోనోడు, నా బిడ్డనేం సూసుకుంటడురా?" అని లేచిపోయాడు.

సరితను ముల్చేరలో పెన్నుతో రాసే గుమాస్తాకిచ్చారు. పెళ్లికార్డు టైపు చేసే భాగ్యం మాత్రం నాకే దక్కింది.

అందుకే లింగయ్య కాక సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నకలు తీయకుండా, రెండుసార్లు చదవకుండా, ఈ జన్మలో ఎవరి పేరూ తిప్పను. ఆ కార్డు మీద పెళ్లికొడుకు పేరు కూడా తిప్పలేదు. చెయ్యి మాత్రం చాలా దురద పెట్టింది.