రుక్కమ్మ ఎత్తని కాలు

ఎదురుకాళ్లతో పుట్టిన రుక్కమ్మ తన్నితే నడుము పట్టు వదిలిపోతుందని రాయదుర్గం ఊరంతా నమ్మేది. పుప్పాలగూడ నుంచి కూడా వచ్చి ఆమె వాకిట్లో బోర్లా పడుకునేవాళ్లు. ఎవరినీ కాదనేది కాదు. పంతొమ్మిది వందల డెబ్బై నాలుగులో బండలు కొట్టే మొగుడు లింగమూర్తికి నడుము పట్టేస్తే మాత్రం కాలెత్తలేదు. మొగుణ్ణి కాలితో తాకితే కళ్లు పోతాయని తల్లి చెప్పి పెంచింది మరి.

సరిగ్గా ఆ రోజుల్లోనే దాపురించాడు భీమేశ్వరరావు. కోస్తా నుంచి వచ్చిన సర్కారు ఉద్యోగి. ఊరి చివర జాగా కొని, ఇల్లు కట్టుకుని, పొద్దున్నే మగవాళ్లను పోగేసి యోగం నేర్పుతున్నాడు. మామూలు యోగమా అది! శ్వాసతో పాటే వంగాలి, శ్వాసతో పాటే దూకాలి, చూపు ముక్కు కొసన నిలవాలి, చెమట ధార కట్టాలి. ఒంట్లో వేడి పుడితేనే మనసులోని మురికి కరుగుతుందట. పొద్దస్తమానం ఎండలో సమ్మెట ఎత్తేవాడికి ఒంట్లో వేడి ఈయన పుట్టించాలా? రుక్కమ్మకి ఆయన పేరు వింటేనే ఒళ్లు మండిపోయేది.

"జర తక్కువయితదేమో సూస్తనే," అని లింగమూర్తి ఆయన దగ్గరికి పోయాడు.

ఒకనాడు కాళ్లు చాపి, ముందుకు వంగి, నుదురు మోకాళ్లకు ఆన్చమన్నాడట. ఆనలేదు. "నొప్పంటే ఒంటి బద్ధకమయ్యా. శ్వాస వదులు," అంటూ భీమేశ్వరరావు తన బరువంతా వేసి అతని వీపు మీద వాలాడు. లోపలేదో పటుక్కుమంది. లింగమూర్తిని మంచం మీద మోసుకొచ్చారు. నరం నలిగిందన్నారు దవాఖానలో. నడుము కింద స్పర్శ పోయింది.

ఆ పెద్దమనిషి పలకరించడానికైనా రాలేదు. పైగా "వాడికి మనసు నిలకడ లేదండి, అందుకే సాధన వికటించింది" అని ఊరంతా చెప్పుకున్నాడు. రుక్కమ్మ ఆయన మాటలేవీ మరిచిపోలేదు.

చలికాలంలో ఆయనకే నడుము పట్టేసింది. శిష్యులు చెరో రెక్క పట్టుకుని తెచ్చి, ఆమె వాకిట్లో బోర్లా పడుకోబెట్టారు.

"కాస్త తన్నమ్మా, ప్రాణం పోతోంది."

రుక్కమ్మ కాలెత్తింది. ఎత్తిన కాలు మళ్లీ నేల మీదే పెట్టింది.

"నొప్పంటే ఒంటి బద్ధకం సారూ. శ్వాస ఇడువుండ్రి. ఈ కాలు నా పెనిమిటికే తాకనియ్యలే, నీకు తాకిస్తనా? లేసి పో!"

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఒకరిని తిప్పి పంపడం అదే మొదలు. వాళ్లు అటు కదలగానే లోపలికి పోయి, గోడవైపు తిరిగి పడుకున్న లింగమూర్తి దగ్గర నిలబడింది. చెంపలు వేసుకుని, మంచంకోడు పట్టుకుని, అతని నడుము కింద కాలు మోపింది. ఇంకాస్త అదిమింది.

"ఏమన్న తెలుస్తున్నదా?"

"ఏందే?" అన్నాడు లింగమూర్తి.