సుగుణమ్మ పెరట్లో ఏరియల్

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు, ఒక అక్టోబరు మొదట్లో నన్ను జువ్వలదిన్నెకు వేశారు. హోదా వైర్‌లెస్ సూపర్‌వైజర్. కింద ఎవరూ లేరు కనుక నన్ను నేనే సూపర్‌వైజ్ చేసుకునేవాణ్ణి. తుపాను కాలంలో ఫోన్లు పోతే నెల్లూరు కంట్రోల్ రూముతో రేడియోలో మాట్లాడటం నా పని.

రేడియోకూ నాకూ కలిపి సుగుణమ్మ అనే ఆమె ఇంట్లో ముందు గది అద్దెకు తీసుకున్నాను. పెరట్లో రెండు సరుగుడు గుంజలు పాతించి, మధ్యన రాగితీగ ఏరియల్ కట్టాను. తీగ కొసలకు పింగాణీ ఇన్సులేటర్లు ఉంటాయి. రేడియో శక్తి గుంజల్లోకి పోకుండా ఆపేవి అవే. ఉప్పుగాలికి మాసిపోతే దించి కడగడానికి కప్పీ, తాడు కూడా పెట్టాను. ఆ ఏర్పాటు చూసుకుని కాస్త మురిసిపోయాను.

ఎండ కాసిన రోజుల్లో నా గొంతు ఖంగుమంటోందనేవారు కంట్రోల్ రూమువాళ్లు. తుంపర పడితే చాలు, వినపడటం లేదనేవారు. సెట్టు విప్పి చూశాను, కేబుల్ మార్చాను, బ్యాటరీని తిట్టాను. ఇన్సులేటర్లు కొత్తవి కదా అని వాటి జోలికి పోలేదు.

ఒక మధ్యాహ్నం వాయుగుండం హెచ్చరిక వచ్చింది. గాలికి ఫోన్లు పోయాయి. వేటకెళ్లిన పడవల్లో సుగుణమ్మ భర్త ఏసోబుది తప్ప అన్నీ తిరిగొచ్చాయి. ఆమె నా గుమ్మం వదలలేదు. తుంపర మొదలైంది, ఎంత అరిచినా కంట్రోల్ రూము పలకలేదు. చివరికి తీగ దించాను. ఇన్సులేటరు నిండా చేప పొలుసులు!

“మీ తీగకే ఉప్పుచేపలు ఆరేసినా సార్,” అంది సుగుణమ్మ. “కుక్కలకి అందకుండా పైకి లాగినా. మీరు బజారుకు పోయినప్పుడే. తప్పయిపోయిందా?”

చేపల నుంచి కారి ఎండిన ఉప్పు, తడి తగలగానే శక్తినంతా గుంజలోకి లాగేస్తోంది. నాకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆమె తాగే నీళ్ల బిందె తెచ్చింది. ఇద్దరం కడిగి, తుడిచి, తీగ ఎత్తాం.

మొదటి పిలుపుకే కంట్రోల్ రూము పలికింది. పడవ వివరాలు చెప్పి, మిగతా తీర కేంద్రాలను అడగమన్నాను. ఏసోబు కృష్ణపట్నం దగ్గర ఒడ్డెక్కాడని కాసేపటికి జవాబొచ్చింది. సుగుణమ్మ గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. నాకూ ప్రాణం లేచొచ్చింది.

వాన వెలిశాక అవే గుంజలకు, తీగకు బాగా కిందుగా, కుక్కలకు అందనంత ఎత్తులో, ఆమె చేపలకు వేరే తాడు కట్టాను. “మీ తీగ కూడా నేనే కడగతాలే సార్,” అంది. ఆ తుపాను కాలమంతా కడిగింది.

తర్వాత ఏ ఊళ్లో ఏరియల్ కట్టాల్సి వచ్చినా, ఆ ఇంటివాళ్లు ఏమేమి ఎక్కడ ఆరేసుకుంటారో ముందు అడిగేవాణ్ణి. వాళ్ల తాడు కట్టాకే నా తీగ ఎత్తేవాణ్ణి.